పటం వెనక గోడ

1960 ఆగస్టు 3, బుధవారం

ఎట్టకేలకు ఇల్లు దొరికింది. ఈయనకు సంగం నుంచి ఈ సముద్రపొడ్డు ఊరి మిషను బడికి బదిలీ అయిన నాటినుంచీ బడి వెనక సామాన్ల గదిలోనే మా కాపురం. కిరస్తానీ వాళ్ళకు ఇల్లు ఇవ్వం అని కొందరు మొహం మీదే చెప్పారు. కొందరు మర్యాదస్థులు, ఇల్లు ఖాళీ లేదన్నారు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఖాళీ లేదని చెప్పడానికి ఎంత గుండె కావాలో!

ఆదిశేషమ్మ మాత్రం కబురుపెట్టి మరీ ఇచ్చింది. పడవలూ వలలూ ఉన్న కుటుంబం. భర్త చెంగయ్య పోయి ఏడాది కాలేదు. కొడుకు వేరే ఇల్లు కట్టుకుంటే అక్కడ ఉంటోంది. తాళంచెవి నా చేతిలో పెట్టి వసారాలోనే ఆగిపోయింది. "గోడలన్నీ మాసిపోయి ఉండాయి. అన్నిటికీ సున్నం కొట్టుకోండమ్మా, నన్నేం అడగబళ్ళా" అనింది. లోపలికి రమ్మంటే కాళ్ళకు ఇసక అంది. ఈ ఊళ్ళో ఎవరి కాళ్ళకు ఇసక లేదు?

గోడలు బోసిగా ఉన్నాయి. మేకులు పీకిన గుంటలు తప్ప ఒక్క క్యాలెండరు కూడా లేదు. లోపలి గదిలో తూర్పు గోడకు మాత్రం తలుపంత మేర పసుప్పచ్చ మరక, పొగచూరిపోయి ఉంది. గది చల్లగా ఉంది. బిడ్డకు తొట్టి ఇక్కడే కట్టాలి అన్నాను ఈయనతో. అని నాలిక్కరుచుకున్నాను. పోయిన రెండుసార్లూ ఇలాగే ముందుగా మాట్లాడాను.

ఆగస్టు 6, శనివారం

సున్నం కొట్టాం. పై సగం మా వారు సంజీవరావు మాష్టారు, కింది సగం నేను. ఈయన నిచ్చెనెక్కితే నిచ్చెనకే భయం వేస్తుంది. గోడకంటే ఈయన జుట్టే ఎక్కువ తెల్లబడింది.

లోపలి గదిని చివర్లో మొదలుపెట్టాం. ఈయన నీళ్ళకు వెళ్ళారు. నేను తూర్పు గోడ మరక మీద కుంచె పెట్టి లాగానో లేదో, గోడ ఎర్రబడింది. తెల్లటి సున్నం కింద నుంచి ఎరుపు పైకి వచ్చింది. మళ్ళీ లాగాను. ఇంకా ఎర్రబడింది. కుంచె కింద పడేశాను. పోయినేడు నా చీర మీద చూసిన ఎరుపు అదే.

పసుపు మీద సున్నం పడితే ఎర్రబడుతుందని పసిపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. గోడకు అంత పసుపు ఎందుకు ఉంటుందన్నదే తోచలేదు.

ఆగస్టు 7, ఆదివారం

ఆరాధనకు వెళ్ళాం. వేళ్ళు సున్నానికి పొక్కిపోయి పాటల పుస్తకం తిప్పలేకపోయాను.

ఆగస్టు 9, మంగళవారం

ఆరితే ఇటుక రంగుకు దిగింది. ఇంకో పూత వేశాను. మళ్ళీ ఎర్రబడింది. "ఎవరో పసుపు కొమ్ములు దంచుకుని ఉంటారులే" అన్నారు ఈయన. గోడకేసి దంచుతారా పసుపు?

ఆగస్టు 12, శుక్రవారం

చేపల గురవమ్మ చెప్పింది. వాకిట్లో గంప దించి, నా కడుపు వైపు చూసి, "తూర్పు గోడను జాగర్తగా చూసుకుంటుండావా అయ్యవారమ్మా?" అని అడిగింది. ఏ గోడ అన్నాను, తెలియనట్టు.

"అయ్యో, నీకు చెప్పలేదా ఆదిశేషమ్మ? ఆమె బిడ్డ పిచ్చమ్మ లేదూ, తొలికాన్పుకు పుట్టింటికొచ్చి ఆ గదిలోనే పోయింది, నాలుగేండ్లాయె. మొగుడుండంగా పసుపుకుంకాలతో పోయిన ఆడకూతురు పేరంటాలమ్మ అవతాది మాకు. గోడకు పసుపు పూసి బొట్లు పెట్టి నిలుపుకుంటాం. చెంగయ్య బతికినన్నాళ్ళు శుక్రవారం తప్పకుండా బొట్టు పెట్టినాడు ఆ గోడకు. కడుపుతో ఉన్నోళ్ళను ఆ యమ్మ కాపాడతాది. అలిగిందా, ఇంట్లో తొట్టి కట్టనియ్యదు."

"అన్ని గోడలకూ సున్నం కొట్టుకోమంది ఆదిశేషమ్మ" అన్నాను.

"అన్ని గోడలంటే ఆ గోడ కూడానా? ఎవురికైనా తెలవదా ఆ మాత్రం? ఆ గోడ ముట్టుకుంటే ఆమె కొడుకు చిన్నపోలయ్య ఊరుకుంటాడా, సామాన్లు బైటేస్తాడు. నువ్వు అట్టనే ఉంచినావు గదా?"

"ఉంచాను" అన్నాను.

మేం తాతల కాలంనుంచీ క్రైస్తవులం. గోడకు భయపడే రకం కాదు. నాకున్న భయం ఒక్కటే, ఇల్లు పోతుందని. ఈ నెలల్లో మళ్ళీ సామాన్ల గదికి పోలేను. అంతే.

ఆగస్టు 15, సోమవారం

ఇంటిని అలంకరించడం మొదలుపెట్టాను. సంగంలో దొరసానమ్మ వెళ్ళిపోతూ ఇచ్చిన సండేస్కూలు పటాల చుట్టలోంచి పెద్దది తీశాను, గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి బొమ్మ. పైన కర్ర, దారం ఉన్నాయి కాబట్టి తెరలాగా వేలాడుతుంది. తూర్పు గోడకు సరిగ్గా సరిపోయింది.

ఆ ఒక్క గోడకే పటం ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని మైదా ఉడికించి జిగురు చేసి, ఏళ్ళ తరబడి దాచుకున్న క్రిస్మస్ కార్డులన్నీ మిగతా గోడలకు అతికించాను. మంచు కురిసే ఊళ్ళు, గంటలు, ఎర్రముక్కు పిట్టలు. నేను కుట్టిన నెమలి గుడ్డకు చట్రం కట్టించాను. మా పెళ్ళి ఫోటో, విత్తనాల కొట్టువాళ్ళ క్యాలెండరు కూడా ఎక్కాయి. ఒక్క జానెడు గోడ కూడా బోసిగా మిగల్లేదు.

ఈయన బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఏమండీ, సంజీవరావు మాష్టారి ఇల్లు ఎక్కడండీ? ఇది తిరణాలలో బొమ్మల అంగడిలా ఉందే" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఆగస్టు 19, శుక్రవారం

ఆదిశేషమ్మ వచ్చింది. ఎండు చేపలు తెచ్చింది. వసారాలో నిలబడే గోడల వైపు చూసింది. కార్డులు చూసి నవ్వలేదు, మెచ్చుకోలేదు.

"సున్నం కొట్టినారా?"

"కొట్టాం అమ్మా."

"లోపలి గదికి?"

"లోపలి గదిలో తూర్పు గోడ వదిలేశాం. ముట్టుకోలేదు" అన్నాను.

ఆమె మొహం అదోలా అయింది. నమ్మలేదనుకుంటాను. "సరే" అని వెళ్ళిపోయింది.

ఆగస్టు 26, శుక్రవారం

మళ్ళీ వచ్చింది. లోపలికి రాలేదు. శుక్రవారమే ఎందుకు వస్తుంది? నన్ను పరీక్షించడానికి కాకపోతే?

సెప్టెంబరు 2, శుక్రవారం

పొద్దున కొంచెం కనబడింది. ఎరుపు.

సెప్టెంబరు 3, శనివారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఈయనకు చెప్పలేదు. చెబితే ఆయన మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు, రెండుసార్లు చూశాను. రెండోసారి నెల్లూరు ఆసుపత్రిలోనే, అంతమంది నర్సులుండగానే పోయింది బిడ్డ.

నిన్న ఈయన వెళ్ళాక పటం ఎత్తి చూశాను. గోడ ఎర్రగానే ఉంది. వంటింట్లో పసుపు ఉంది. పిడత అడుగున సున్నం మిగిలి ఉంది. రెండూ అరచేతిలో కలిపితే ఎర్రటి ముద్ద అయింది. నేను కుంకుమ కొనలేదు. అంగడికి వెళ్ళి ఎవరినీ అడగలేదు. ఇంట్లో ఉన్న రెండు వస్తువులు కలిపాను. ఒక్క బొట్టు పెట్టాను, నిలబడే పెట్టాను, మొక్కలేదు. తర్వాత అదే గదిలో వేరే గోడ వైపు తిరిగి మోకాళ్ళూని మా ప్రార్థన చేసుకున్నాను.

సాయంత్రానికి ఆగిపోయింది. రోజంతా పడుకునే ఉన్నాను కాబట్టి ఆగింది. ఇంకెందుకు ఆగుతుంది?

సెప్టెంబరు 9, శుక్రవారం

ఒక్కసారి పెట్టి మానేస్తే అసలు పెట్టకపోవడంకంటే తప్పేమో. పెట్టాను. లోపల బిడ్డ గట్టిగా కదిలింది.

సెప్టెంబరు 16, శుక్రవారం

పెట్టాను.

సెప్టెంబరు 18, ఆదివారం

ఈ రోజు ప్రాణం పోయి వచ్చింది. పాస్టరు జ్ఞానప్రకాశంగారు గృహప్రార్థనకు వచ్చారు. వసారాలో ఉక్కగా ఉందని ఈయన లోపలి గదిలో చాప వేశారు. పాస్టరుగారు సరిగ్గా తూర్పు గోడకు ఎదురుగా కూర్చున్నారు. ప్రసంగం అంతసేపూ ఆయన కళ్ళు పటం మీదే. చెమ్మకు పటం కింది అంచు పైకి చుట్టుకుని ఉంది. అక్కడ బెత్తెడు ఎరుపు నాకు కనబడుతోంది. ఆయనకు కనబడిందో లేదో తెలియదు.

"ఎలిశబెతమ్మా, ఈ గోడ చెమ్మ పట్టినట్టుంది. ఇంత మంచి పటం పాడైపోతుంది. తీసి ఎదుటి గోడకు పెడదాం" అని లేచారు. చెయ్యి దారం దాకా పోయింది.

"వద్దండీ! దాని వెనక బల్లి గుడ్లు పెట్టింది" అన్నాను.

పాస్టరుగారికి బల్లంటే చచ్చేంత భయమని నాకు తెలియదు. ఎగిరి చాప చివరికి దూకారు. అందరూ నవ్వారు. ఈయన మాత్రం నవ్వలేదు, నన్నే చూశారు. బొట్టు కనబడి ఉంటే రేపటికి ఈయన ఉద్యోగం ఉండేది కాదు. బడి సంఘానిది, పంతులు ఇంట్లో విగ్రహపూజ అంటే ఎవరూరుకుంటారు?

వెళ్ళేముందు నా కడుపు కోసం చాలాసేపు ప్రార్థించారు. ఆమెన్ అన్నాను, అబద్ధమాడిన నోటితోనే.

సెప్టెంబరు 23, శుక్రవారం

మానేద్దామనుకున్నాను. మధ్యాహ్నం దాకా మానేశాను కూడా. తర్వాత పెట్టాను.

అక్టోబరు 5, బుధవారం

ఇందుకూరుపేటలో బస్సెక్కి నెల్లూరు వెళ్ళి డాక్టరమ్మకు చూపించుకున్నాను. గురవమ్మ తోడు వచ్చింది, ఈయనకు బడి ఉంది. అంతా బాగుందంది డాక్టరమ్మ.

అక్టోబరు 14, శుక్రవారం

"వేలికి ఆ ఎరుపేంది?" అన్నారు ఈయన, అన్నం కలుపుకుంటూ.

"తాంబూలం."

"నువ్వు ఎప్పుడు మొదలుపెట్టినావు తాంబూలం?"

"కడుపుతో ఉన్నవాళ్ళకు నోరు చప్పబడుతుంది. మీకేం తెలుసు?"

తల వంచుకుని అన్నం తినేశారు.

అక్టోబరు 15, శనివారం

ఇందుకూరుపేట దాకా సైకిలు మీద వెళ్ళి తమలపాకుల కట్ట, వక్కలు తెచ్చారు. నోరు చప్పబడిందన్నావు కదా అని చేతిలో పెట్టారు. ఆయన ముందే కూర్చుని నమిలాను. కారంగా, వగరుగా ఉండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈయన మంచితనం నన్ను చంపుతోంది.

అక్టోబరు 25, మంగళవారం

డాక్టరమ్మ అంతా బాగుందనలేదు.

బిడ్డ అడ్డంగా ఉంది అంది. తిరగవచ్చు, తిరగకపోవచ్చు అంది. వానలు పడితే మీ ఊరి దారి ఉండదు, నవంబరు మొదటి వారంలోనే వచ్చి ఆసుపత్రిలో ఉండిపో, నొప్పులొచ్చేదాకా ఇంట్లో ఉండవద్దు, మీ ఆయనకు చెప్పు అంది. గురవమ్మ బయట కూర్చుని ఉంది కాబట్టి వినలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

బిడ్డ తిరుగుతుంది. శుక్రవారం బొట్టు పెట్టినప్పుడల్లా కదులుతోంది కదా. ఆసుపత్రికి పోతే శుక్రవారాలు ఎవరు చూస్తారు? నేను లేనప్పుడు ఈయన పటం దులిపితే? ఆదిశేషమ్మ లోపలికి వస్తే? ఆసుపత్రిలో ఉంటేనే బిడ్డలు బతుకుతారా? నాకు తెలియదా ఆ ఆసుపత్రి!

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. నాకు మతి పోయినట్టుంది. అయినా కొట్టెయ్యను.

నవంబరు 2, బుధవారం

వాన పట్టుకుంది. గోడలన్నీ చెమర్చాయి. కార్డులు ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి. మంచు ఊళ్ళు నేల మీద ముద్దయిపోయాయి. తూర్పు గోడ ఎరుపు ఇంకా ముదిరింది.

"డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు రమ్మంది?" అని అడిగారు ఈయన.

"నొప్పులొస్తే రమ్మంది."

నవంబరు 4, శుక్రవారం

పెట్టాను. ఈసారి చేతులు జోడించాను. ఇక్కడ ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

బిడ్డ కదల్లేదు.

నవంబరు 5, శనివారం

కదిలింది. కొంచెం.

నవంబరు 8, మంగళవారం

కాలవ పొంగిందట. ఇందుకూరుపేటకు బండ్లు తిరగడం లేదని బడిలో చెప్పుకున్నారట. ఈయన వచ్చి, "రేపు ఎల్లుండిలో వాన తగ్గుతుందిలే" అన్నారు, నేనేదో అడిగినట్టు. నేను నవ్వాను. నడుం లాగుతోంది. రోజంతా నిలబడి పని చేస్తే ఎవరికైనా లాగుతుంది.

నవంబరు 11, శుక్రవారం

బండి వాకిట్లో ఉంది. ఆదిశేషమ్మ పిలుస్తోంది. ఈ పుస్తకాన్ని పెట్టెలో వేసుకుంటున్నాను. దేవా, ఇంతకాలం నేనేం చేశాను?

నవంబరు 19, శనివారం, నెల్లూరు

ఈ రోజు దిండుకు ఆనుకుని కూర్చోగలిగాను. వరసగా రాయకపోతే నేనే మళ్ళీ ఏదో ఒకటి మార్చుకుని నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

పదకొండో తేదీ మధ్యాహ్నం ఈయన బడిలో ఉన్నారు. పటం ఎత్తి తల మీద ఆనించుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని బొట్టు పెడుతున్నాను. వాన చప్పుడుకు తలుపు తీసిన అలికిడి వినబడలేదు. ఇల్లు కారుతుందేమో చూద్దామని వచ్చిందట ఆదిశేషమ్మ. నేను తిరిగి చూసేసరికి లోపలి గది గుమ్మంలో ఉంది. ఇన్ని నెలల్లో మొదటిసారి లోపలికి వచ్చింది.

"ఎవురు పెట్టినారు అది?"

చేతిలో ఎర్రటి ముద్ద ఉంది. ఇంకేం చెప్పాలి?

"నేనేనమ్మా. మొదట సున్నం కొట్టేశాను, తెలియక. మీకు అబద్ధం చెప్పాను. తర్వాత భయం వేసి శుక్రవారం శుక్రవారం పెడుతున్నాను. మమ్మల్ని ఇప్పుడు పంపించెయ్యవద్దు."

ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కొడుతుందనుకున్నాను.

"ఊరంతా వద్దంటే నీకు ఇల్లెందుకు ఇచ్చినా? మీరు నమ్మరు గదా, వచ్చిన రోజే సున్నం కొట్టేస్తారనుకున్నా. నా చేత్తో నేను తుడవలేక. తుడిస్తే నా కొడుకు ఊరుకోడు, ఊరూరుకోదు. తూర్పు గోడ ముట్టుకోలేదని నువ్వు చెప్పిన పొద్దు, ఇంటికి పోయి అన్నం తినలా. వారం వారం వస్తా ఉన్నా, ఈ వారమన్నా కొట్టినారేమోనని. కొట్టేసినోళ్ళు మళ్ళీ బొట్టెందుకు పెట్టినారమ్మా?"

గోడ పక్కనే చతికిలబడ్డాను. ఆమె నిలబడే చెప్పింది, గోడనే చూస్తూ.

"బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని నా వల్ల కాదనింది. నెల్లూరికి తీసకపోదాం బండి కట్టమన్నా మా ఆయన్ని. కాలవ పొంగింది, ఎద్దులు దిగవన్నాడు. కొత్తగా కొన్న ఎద్దులు. కాళ్ళు పట్టుకున్నా. పొద్దుటికి తగ్గుతాదిలే అన్నాడు. అరిచి అరిచి ఊరుకుంది నా కూతురు. కర్మ అయిన మర్నాడే గోడకు పసుపు పూసినాడు. దేవతయిందంట! దేవతైతే ఇంక ఎవురూ ఎవురినీ అడగబళ్ళా గదా. బండెందుకు కట్టలేదని బొట్టు పెట్టినోణ్ణి ఎవురడుగుతారు? మా పిచ్చమ్మ అని పేరెత్తితే, పేరంటాలమ్మ అనాల అనేవాడు. నా బిడ్డకు నేను మొక్కాల. మొక్కినా, ఏం చేసేది."

తర్వాత నా కడుపు వైపు చూసింది. "నీకు డాక్టరమ్మ ఏం చెప్పింది?"

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట చెప్పాను. అడ్డంగా ఉందంది, మొదటి వారంలోనే రమ్మంది అన్నాను. నడుం లాగుడు మంగళవారం నుంచీ ఉందని కూడా చెప్పాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పటాన్ని దారంతో సహా లాగి చాప మీద వేసింది. చెంబులో నీళ్ళు కొంగు మీద పోసుకుని గోడ తుడవడం మొదలుపెట్టింది. పై నుంచి కిందికి, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు నిదానంగా తుడిచింది. "పోమ్మా పిచ్చమ్మా. లేచి పో తల్లీ. ఈడ నీకేం పని" అంటూ తుడిచింది. కొంగంతా ఎర్రగా అయింది. గోడ శుభ్రపడలేదు, ఎరుపూ తెలుపూ కలిసి అలుక్కుపోయింది. బొట్లు మాత్రం పోయాయి.

ఆ కొంగుతోనే వానలోకి వెళ్ళింది. రెండిళ్ళ అవతల కొడుకు ఇంటి ముందు నిలబడి కేకేసింది. "ఒరే చిన్నపోలయ్యా! బండి కట్టు!"

వసారా దాకా పాక్కుంటూ వచ్చి చూశాను. చిన్నపోలయ్య గోనెపట్టా కప్పుకుని బయటకు వచ్చాడు. మనిషి మోటుగా ఉంటాడు కానీ మాట మెత్తన.

"ఈ వానలోనా? కాలవ పొంగి ఉండాదమ్మా. ఎద్దులు దిగవు."

"మీ నాయన కూడా ఈ మాటే అన్నాడ్రా."

అతను తల్లి కొంగు చూశాడు, నా వైపు చూశాడు. పిచ్చమ్మ పోయిన ఆ రోజు వాకిట్లో అతనూ ఉండి ఉంటాడు. గోనెపట్టా పారేసి కొట్టం వైపు పరుగెత్తాడు.

ఎవరో చెబితే ఈయన బడి నుంచి తడుస్తూ పరుగున వచ్చారు. లోపలి గదిలోకి వెళ్ళి చూశారు. పటం చాప మీద, గోడ అలా, పసుపు గిన్నె, సున్నం పిడత. బయటకు వచ్చి బండి అంచు పట్టుకున్నారు. గోడ సంగతి అడుగుతారని నేను మాటలు కూడదీసుకుంటున్నాను.

"డాక్టరమ్మ చెప్పిన మాట నాకు చెప్పలేదా ఎలిశా?" అన్నారు. అంతే అన్నారు. ఆ గొంతు నేను చచ్చేదాకా మరిచిపోలేను. గోడ సంగతి ఇంతవరకూ అడగలేదు. అడిగితే చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

కాలవ దగ్గర ఎద్దులు నిజంగానే దిగలేదు. చిన్నపోలయ్య ఎంత అదిలించినా మోరలెత్తి వెనక్కి తగ్గాయి. ఆదిశేషమ్మ బండి దిగింది. చీర ఎగదోపుకుని నడుంలోతు నీళ్ళల్లోకి పోయి, ముందు నిలబడి పగ్గం పట్టుకుని లాగింది. ఈయన చక్రానికి భుజమానించారు. నేను బండిలో గడ్డి మీద పడుకుని నొప్పికి పళ్ళు బిగబట్టి, మా ప్రార్థన ఒక్క మాట గుర్తుకు రాక, అమ్మా అమ్మా అని మాత్రం అనుకున్నాను. నీళ్ళు బండిలోకి వచ్చాయి. తర్వాత బండి గట్టెక్కింది. ఇందుకూరుపేటలో బస్సు లేదు. బండిలోనే నెల్లూరు దాకా వచ్చాం.

కోసి తీశారు బిడ్డను. ఆడపిల్ల. బక్కగా, ఎర్రగా, కోపంగా ఉంది. ఏడిస్తే వార్డు చివరిదాకా వినబడుతుంది. ఈయన రోజుకొకసారి వచ్చి దాని ఏడుపు వింటూ పక్కన కూర్చుంటారు. ఇంకేదీ వినబడనక్కర్లేదన్నట్టు కూర్చుంటారు.

ఆదిశేషమ్మ ఇంటికి పోలేదు. ఆసుపత్రి వసారాలోనే ఉంటోంది. నాకు గంజి తెస్తుంది, గుడ్డలు ఉతుకుతుంది. బిడ్డ దగ్గరకు మాత్రం రాదు. నేనూ రమ్మని అడగలేదు. ఆమెకు ఎలా ఉంటుందో అని భయం.

ఈ రోజు పొద్దున డాక్టరమ్మ కుట్లు చూసి, బాగా మానుతున్నాయంది. చేతులు కడుక్కుంటోంది. ఆదిశేషమ్మ గంజి గిన్నె కింద పెట్టి దగ్గరకు వచ్చింది.

"అమ్మా, ఒక మాట. బిడ్డ అడ్డం తిరిగి, మంత్రసాని వల్ల కానప్పుడు, ఆ పొద్దే మీ దగ్గరికి తీసకొస్తే తల్లి బతుకుతాదా?"

డాక్టరమ్మకు ఏమీ తెలియదు. నా గురించే అడుగుతోందనుకుంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

"ఎందుకు బతకదమ్మా? ఇలాంటివి మేం రోజూ చూస్తుంటాం. ఆ రోజే బండెక్కించి తీసుకొస్తే చాలు, తల్లిని పోనివ్వం. మీరు తెచ్చారు కదా, చూడండి ఎలా కూర్చుందో!"

నేను కళ్ళు మూసుకున్నాను. ఆదిశేషమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నిన్న మళ్ళీ వచ్చిన చిన్నపోలయ్య బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ వెళ్ళబోతుంటే ఆమె అడ్డంగా నిలబడింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా. మా వాడు బైట ఉండాడు, పిలుస్తా. వాడి ముందర ఆ మాట ఇంకోసారి చెప్పు."

చిన్నపోలయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. డాక్టరమ్మ నవ్వుతూనే మళ్ళీ చెప్పింది.